బావి గట్టున తుప్పు పట్టిన ఆయిల్ ఇంజను: గుర్తింపు, పునరుద్ధరణ పద్ధతులు

కర్నూలు జిల్లా పశ్చిమ భాగం రాష్ట్రంలోని అల్ప వర్షపాత మండలానికి చెందినది. ఆదోని, ఎమ్మిగనూరు పరిసర మండలాల్లో నల్లరేగడి, ఎర్ర నేలలు రెండూ ఉన్నాయి. పత్తి, వేరుశనగ, జొన్న, కొర్ర ప్రధానంగా వర్షాధారంగా పండుతాయి. ఉల్లి, మిరప, కూరగాయల సాగు నీటి వసతిని బట్టి ఉంటుంది. తుంగభద్ర దిగువ కాలువ నీరు అందని పొలాల్లో ఒకప్పుడు ఆ వసతి బావి ఒక్కటే. ఆ బావి నుంచి నీరు తోడే పనిని ఎద్దుల కపిల నుంచి ఆయిల్ ఇంజను అందుకుంది.

ఆ ఇంజన్ల పని నేడు దాదాపు ముగిసింది. వాడుకలో లేనివి బావి గట్టున, గడ్డివాము పక్కన, మూతపడిన మిల్లుల వెనుక తుప్పు పట్టి పడి ఉంటాయి. పాత ఇనుము కొనే వ్యాపారికి వాటి వయస్సుతో పని లేదు. బరువును బట్టి ధర కడతాడు. నేమ్ ప్లేటు ఇత్తడిది కాబట్టి తరచు అదే ముందుగా పోతుంది. ప్లేటు పోయిన ఇంజను ఎక్కడిదో, ఎప్పటిదో చెప్పడం కష్టమవుతుంది. ఇంజనే పోతే ఆ పొలంలో నీటిపారుదల మారిన క్రమానికి ఉన్న వస్తుసాక్ష్యం పోతుంది.

మరోవైపు, ఉత్సాహంతో చేసే పునరుద్ధరణ కూడా కొన్నిసార్లు ఇదే నష్టాన్ని కలిగిస్తుంది. ముందుగా గ్రైండరుతో తుప్పు గీకి, రంగు వేసి, ఆ తరువాత ఇది ఏ ఇంజను అని విచారిస్తే, జవాబు చెప్పవలసిన ఆనవాళ్లు అప్పటికే చెరిగిపోయి ఉంటాయి. అందుచేత గుర్తింపు ముందు, తుప్పు తొలగింపు తరువాత అనే క్రమాన్ని పాటించడం అవసరం. విస్తరణ శాస్త్రవేత్తలకు, వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థులకు ఉపయోగపడేలా ఆ క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

ఈ ప్రాంతానికి ఇంజను వచ్చిన తీరు

మద్రాసు, బొంబాయి రైలు మార్గాలు 1871లో రాయచూరు వద్ద కలిశాయి. ఆ మార్గంపై ఉన్న ఆదోని పత్తి వ్యాపార కేంద్రంగా ఎదిగింది. జిన్నింగు, ప్రెస్సింగు మిల్లులు, నూనె మిల్లులు యంత్రశక్తిని ఈ ప్రాంతానికి పరిచయం చేశాయి. పొలానికి ఆ శక్తి చేరడానికి మరికొంత కాలం పట్టింది. 20వ శతాబ్దం తొలి దశాబ్దంలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసు రాష్ట్రంలో ఆయిల్ ఇంజన్లు, సెంట్రిఫ్యూగల్ పంపులతో ఎత్తిపోతల సేద్యాన్ని ప్రోత్సహించారు. అంతవరకు మిల్లు యంత్రంగా ఉన్న ఇంజనుకు సేద్యంలో చోటు ఉందని ఆ ప్రయత్నాలు చూపాయి.

ఇంగ్లండులోని గ్లౌస్టర్‌షైర్‌కు చెందిన డర్స్‌లీ పట్టణంలో లిస్టర్ సంస్థ 1929లో సీఎస్ తరగతి డీజిల్ ఇంజన్లను ప్రవేశపెట్టింది. నిమిషానికి 600, 650 చుట్లు తిరిగే ఈ నెమ్మది ఇంజను, మెకానిక్కు దూరంగా ఉన్న గ్రామాలకు సరిగ్గా సరిపోయింది. స్వదేశీ తయారీలో 1946లో ఏర్పడిన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ సంస్థ ముఖ్యమైనది. గుజరాత్‌లోని రాజ్‌కోట్ పట్టణంలో అనేక చిన్న, మధ్య తరహా కర్మాగారాలు లిస్టర్ నమూనాను అనుసరించి ఇంజన్లు తయారుచేశాయి. ఇంగ్లండులో సీఎస్ ఇంజన్ల తయారీ 1987లో ఆగిపోయినా, రాజ్‌కోట్ తరహా ఇంజన్లు, విడిభాగాలు ఆ తరువాత కూడా తయారయ్యాయి. ఈ ఒక్క విషయమే నేటి పునరుద్ధరణకు ఎంతో సాయపడుతుంది. గుర్తింపును మాత్రం క్లిష్టం చేస్తుంది.

ఈ ప్రాంత చరిత్రలో పరిశోధకులు మరువరాని అంశం ఒకటి ఉంది. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1 వరకు బళ్లారి జిల్లాలో ఉండేవి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు అవి కర్నూలు జిల్లాలో చేరాయి. కాబట్టి అంతకు ముందరి రుణపత్రాలు, రశీదులు, మిల్లు రికార్డులలో చిరునామా బళ్లారి జిల్లాగానే కనబడుతుంది. కర్నూలు పేరుతో మాత్రమే వెదికే విద్యార్థికి ఆ కాలపు ఆధారాలు దొరకవు.

ఇంజను వెనుకబడడానికి కారణం విద్యుత్తు ఒక్కటే కాదు. పైన అమర్చిన సెంట్రిఫ్యూగల్ పంపు ఆచరణలో 6 నుంచి 7 మీటర్ల లోతు నుంచి మాత్రమే నీటిని పీల్చగలదు. నీటిమట్టం అంతకన్నా దిగినచోట పంపును, కొన్నిచోట్ల ఇంజనును కూడా బావి లోపల దిమ్మెలపైకి, గోడకు తొలిచిన అరలలోకి దించవలసి వచ్చింది. బోరుబావి, సబ్‌మెర్సిబుల్ మోటారు వచ్చిన తరువాత ఆ అవసరం తీరిపోయింది. ఇంజను ఏ మట్టంలో అమర్చబడిందో తెలిస్తే, అది పనిచేసిన కాలంలో నీటిమట్టం సుమారుగా ఎక్కడ ఉండేదో ఊహించవచ్చు. ఈ సమాచారం ఇంజనులో ఉండదు. అది కూర్చున్న చోటులో ఉంటుంది.

కదిలించకముందు నమోదు

ఇంజనును చోటు మార్చకముందే కింది వివరాలను నమోదు చేయాలి.

1. గ్రామం, పొలం, బావి నుంచి దూరం, నేలమట్టం నుంచి దిమ్మె ఎత్తు లేదా లోతు.
2. నాలుగు వైపుల నుంచి, పైనుంచి ఛాయాచిత్రాలు; ప్రతి చిత్రంలో కొలబద్ద కనిపించాలి.
3. పుల్లీల వ్యాసం, పుల్లీల మధ్య దూరం, బెల్టు అవశేషాలు, పంపు రకం, పైపుల వ్యాసం.
4. కనిపించే ప్రతి అక్షరం, అంకె, ముద్ర. అర్థం కానివి సైతం ఉన్నవి ఉన్నట్లుగా.
5. రైతు కుటుంబం చెప్పే వివరాలు: కొన్న ఊరు, తెచ్చిన విధానం, వాడిన ఇంధనం, పారిన పంట, ఆగిపోయిన కారణం.

అయిదవ అంశం విషయంలో విస్తరణ శాస్త్రవేత్తకు సహజమైన అనుకూలత ఉంది. ఇంజను నడిపిన తరం వృద్ధాప్యంలో ఉంది. కొన్న సంవత్సరం గుర్తులేని వృద్ధ రైతు సైతం, ఏ కరువు తరువాత కొన్నదీ, ఏ బావి తవ్వించినప్పుడు తెచ్చినదీ చెప్పగలడు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలోని పశువుల సంతలో కపిల ఎద్దులను అమ్మి ఇంజను కొన్నామని ఎవరైనా చెబితే, అది జ్ఞాపకంగానే నమోదు కావాలి, నిర్ధారిత తేదీగా కాదు. జ్ఞాపకాన్ని, కొలతను వేర్వేరు గళ్లలో రాయడం మంచి పద్ధతి.

యజమాని అనుమతి లిఖితపూర్వకంగా తీసుకోవాలి. ఇంజను విలువ తెలియని రైతు నుంచి దానిని పాత ఇనుము ధరకు సేకరించడం విశ్వవిద్యాలయ సిబ్బందికి తగదు.

పేరు లేని ఇంజనును గుర్తించే విధానం

మొదటి విభజన సిలిండరు దిశను బట్టి, ఇంధనం మండే తీరును బట్టి జరుగుతుంది. సిలిండరు అడ్డంగా ఉండి, హెడ్ చివర ఉబ్బెత్తు ఇనుప గుండు వంటి భాగం ఉంటే అది హాట్ బల్బ్ తరగతికి చెందినదై ఉండవచ్చు. 1890ల తొలి సంవత్సరాలలో హార్న్స్‌బీ–అక్రాయిడ్ ఇంజన్లతో మార్కెట్టులోకి వచ్చిన ఈ రకాన్ని నడిపేముందు ఆ గుండును మంటతో వేడిచేయాలి. స్పార్క్ ప్లగ్గు, మాగ్నెటో ఉంటే అది పెట్రోలు లేదా కిరసనాయిలు ఇంజను. అధిక పీడన ఇంధన పంపు, ఇంజెక్టరు ఉంటే డీజిల్ ఇంజను. ఈ ప్రాంతంలో ఎదురయ్యే వాటిలో నిలువు సిలిండరు డీజిల్ ఇంజన్లే ఎక్కువగా ఉండే అవకాశం ఉంది.

రెండవ మెట్టులో పోతపోసిన అక్షరాలను పరిశీలించాలి. ప్లేటును ఊడదీయగలరు గాని క్రాంకు కేసులో పోత పోసిన అక్షరాలను తీయలేరు. మట్టిని వెదురు పుల్లతో, మెత్తని బ్రష్షుతో తొలగించి, పక్కనుంచి టార్చి వెలుతురు వేస్తే చదవరాని అక్షరాలు నీడల వలన బయటపడతాయి. సుద్దముక్కను అడ్డంగా రుద్దడం మరో ఉపాయం. క్రాంకు షాఫ్టు చివర, ఫ్లైవీలు అంచు, క్రాంకు కేసు తలుపు, సిలిండరు అడుగు అంచు, ప్లేటు ఉండిన చోటు తప్పక చూడాలి. ప్లేటు పోయినా దాని మరమేకుల రంధ్రాల మధ్య దూరం మిగిలి ఉంటుంది. తెలిసిన ప్లేట్లతో పోల్చడానికి అది పనికివస్తుంది. ప్లేటు కింద ఎండ తగలని చోట తొలి రంగు కూడా దొరకవచ్చు.

మూడవ మెట్టు కొలతలు. లిస్టర్ 5/1, 6/1 నమూనాలలో మొదటి అంకె అశ్వశక్తిని, రెండవది సిలిండర్ల సంఖ్యను తెలుపుతాయి. రెండింటికీ బోరు 4½ అంగుళాలు, అనగా 114.3 మి.మీ.; స్ట్రోకు 5½ అంగుళాలు, అనగా 139.7 మి.మీ. విద్యార్థులకు ప్రయోగశాలలో పరిచితమైన కిర్లోస్కర్ ఏవీ1 ఇంజనుకు ఇవి 80, 110 మి.మీ. ఈ రెండు జతల మధ్య పొరపాటుకు తావు లేదు. బోరు 120 మి.మీ. ఉండి మిగిలిన ఆకారమంతా లిస్టరును పోలి ఉంటే, అది డర్స్‌లీలో తయారైన 5/1, 6/1 ఇంజను కాదని, ఆ నమూనాను అనుసరించిన తయారీ అని భావించవచ్చు.

నాలుగవది హెడ్ నిర్మాణం. తొలి లిస్టర్ సీఎస్ నమూనాలలో హెడ్ పక్కన చిన్న చేతిచక్రంతో తిప్పే ఒక వాల్వు ఉంటుంది. ప్రారంభించేటప్పుడు దానిని మూసి అదనపు దహన గదిని వేరుచేస్తే సంపీడనం పెరిగి, చల్లని ఇంజను సులభంగా అందుకుంటుంది. నడిచిన తరువాత దానిని తెరుస్తారు. అనుకరణ ఇంజన్లలో చాలావాటికి ఈ ఏర్పాటు లేదు. అయితే హెడ్ మార్చదగిన భాగం. హెడ్ ఒక్కదానినే ఆధారం చేసుకొని తీర్మానించరాదు.

అయిదవది మరలు. బ్రిటిష్ విట్‌వర్త్ మర కోణం 55 డిగ్రీలు, మెట్రిక్ మర కోణం 60 డిగ్రీలు. అర అంగుళం విట్‌వర్త్ బోల్టుకు అంగుళానికి 12 మరలు, అనగా ఒక్కొక్క మరకు సుమారు 2.12 మి.మీ. ఎం12 మెట్రిక్ బోల్టుకు సాధారణంగా 1.75 మి.మీ. పిచ్ గేజితో ఈ భేదం వెంటనే తెలుస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. భారతదేశంలో మెట్రిక్ కొలతలకు 1956 చట్టం నాంది పలికినా, విడిభాగాలు ఒకదాని బదులు ఒకటి సరిపోవాలి కాబట్టి అనుకరణ ఇంజన్లు అంగుళాల కొలతలను చాలాకాలం కొనసాగించాయి. అంగుళాల మర ఉన్నంత మాత్రాన ఇంజను విదేశీయమని గాని, 1956కు ముందరిదని గాని చెప్పలేము. మెట్రిక్ మర ఉంటే మాత్రం తరువాతి తయారీనో, తరువాతి మరమ్మతునో సూచిస్తుంది.

ఈ అయిదు ఆనవాళ్లలో కనీసం మూడు ఒకే దిశను చూపినప్పుడే పేరును నిర్ధారించాలి. లేనిపక్షంలో "లిస్టర్ తరహా, తయారీదారు అనిర్ణీతం" అని రాయడమే శాస్త్రీయం.

రెండు ఇంజన్ల పోలిక చెప్పే పాఠం

గుర్తింపుకు తీసుకున్న కొలతలే బోధనకు పనికివస్తాయి. 114.3 మి.మీ. బోరు, 139.7 మి.మీ. స్ట్రోకు నుంచి లిస్టర్ సిలిండరు ఘనపరిమాణం సుమారు 1,433 ఘన సెం.మీ. అని తేలుతుంది. ఏవీ1 ఘనపరిమాణం 553 ఘన సెం.మీ. మొదటిది 650 చుట్ల వద్ద 6 అశ్వశక్తిని, రెండవది 1,500 చుట్ల వద్ద 5 అశ్వశక్తిని ఇస్తుంది. సగటు ప్రభావక పీడనాన్ని లెక్కిస్తే మొదటిదానికి సుమారు 5.8 బార్, రెండవదానికి సుమారు 5.4 బార్ వస్తుంది. అంటే ఒక్కొక్క ఘన సెంటీమీటరు నుంచి ఒక్కొక్క చక్రంలో రాబట్టే పనిలో పెద్ద తేడా లేదు.

తేడా అంతా వేగంలో ఉంది. పిస్టన్ సగటు వేగం లిస్టరులో సెకనుకు 3.0 మీటర్లు, ఏవీ1లో 5.5 మీటర్లు. వేగం తక్కువైనప్పుడు రింగులు, లైనరు, బేరింగులపై ఒరిపిడి, జడత్వ బలాలు తగ్గుతాయి. అందుకు బదులుగా మూడు క్వింటాళ్లకు మించిన బరువును భరించాలి. ఒకచోట నాటుకుపోయి ఏళ్ల తరబడి నడవవలసిన బావి పనికి మొదటిది, బండిపై ఊరూరా తిరగవలసిన పనికి రెండవది ఎందుకు తగినవో ఈ అంకెలే చెబుతాయి. తుప్పు పట్టిన పాత ఇంజను తరచు మళ్లీ నడవగలగడానికి కూడా ఈ దళసరి నిర్మాణమే కారణం.

తుప్పు స్థితిని అంచనా వేయడం

ఈ ప్రాంతపు పొడి వాతావరణం ఇనుముకు కొంత అనుకూలమే. అసలు సమస్య నేలది. నల్లరేగడి తేమను చాలాకాలం పట్టి ఉంచుతుంది; ఎండినప్పుడు బీటలు వారి గాలిని లోపలికి రానిస్తుంది. తేమ, గాలి మార్చి మార్చి తగలడం వలన నేలమట్టానికి దగ్గరగా ఉన్న పట్టీ వెంట తుప్పు లోతుగా దిగుతుంది. మట్టిలో కూరుకున్న ఇంజనుకు దిమ్మె బోల్టులు, క్రాంకు కేసు అడుగు, ఫ్లైవీలు కింది అంచు ముందుగా చూడాలి.

లోపలి స్థితి ఇంజను ఆగిన భంగిమపై ఆధారపడుతుంది. ఎగ్జాస్టు వాల్వు తెరుచుకున్న స్థితిలో ఆగి, పొగగొట్టానికి మూత లేకపోతే వాననీరు నేరుగా సిలిండరులోకి దిగుతుంది. వాల్వులు రెండూ మూసుకున్న స్థితిలో ఆగిన ఇంజను, పైకి ఎంత తుప్పు పట్టినా, లోపల బాగుండవచ్చు. బావినీటిలోని లవణాల వలన నీటి జాకెట్టులో గట్టి పాచు పేరుకొని ఉండే అవకాశం ఉంది.

అంచనా ముగిసిన తరువాత మూడు మార్గాలలో ఒకదానిని ఎంచుకోవాలి. మొదటిది, ఉన్న స్థితిని నిలిపి ప్రదర్శనకు ఉంచడం. రెండవది, నెమ్మదిగా, భారం లేకుండా నడిచే స్థితికి తేవడం. మూడవది, మళ్లీ నీరు తోడే స్థితికి తేవడం. అరుదైన ఇంజనుకు, తొలి రంగు మిగిలిన ఇంజనుకు మొదటి మార్గమే తగినది. విడిభాగాలు దొరికే రాజ్‌కోట్ తరహా ఇంజనుకు రెండవ, మూడవ మార్గాలు అనువైనవి. క్రాంకు కేసు లేదా ఫ్లైవీలు పగిలిన ఇంజనును ఎట్టి పరిస్థితిలోను నడపరాదు.

బిగుసుకున్న పిస్టనును విడదీయడం

తిరగని ఫ్లైవీలుకు గొలుసు కట్టి ట్రాక్టరుతో లాగడం ఎక్కువ నష్టం చేసే అలవాటు. పోత ఇనుము వంగదు, పగులుతుంది. కనెక్టింగ్ రాడ్డు వంగినా పైకి తెలియదు. సరైన క్రమం ఇలా ఉండాలి.

ముందుగా ఇంజెక్టరు, పుష్ రాడ్డులు, హెడ్ తొలగించాలి. బిగుసుకున్నది పిస్టనా, వాల్వా, ప్రధాన బేరింగా, ఇంధన పంపు ప్లంజరా అనేది విడివిడిగా తేల్చుకోవాలి. సిలిండరులో డీజిలు, ఇంజన్ ఆయిలు మిశ్రమం పోసి కొన్ని రోజులు నాననివ్వాలి. మట్టం తగ్గితే మళ్లీ పోయాలి. బోరుకన్నా కొద్దిగా తక్కువ వ్యాసం గల గట్టి కర్రదిమ్మెను పిస్టనుపై నిలిపి, దానిమీద తేలికగా కొట్టాలి. రోజుకు పది దెబ్బలు చాలు. సుత్తిని నేరుగా పిస్టనుపై వేయరాదు. పిస్టను వెంట్రుకవాసి కదిలినా చాలు. ఆ తరువాత ముందుకు, వెనుకకు కొద్దికొద్దిగా ఊపుతూ విడిపించవచ్చు.

బోల్టులు విడదీసేటప్పుడు ప్రతిదానిని తీసిన రంధ్రం పేరుతో సంచిలో వేయాలి. విరిగే బోల్టుకు చుట్టూ ఉన్న పోతను వేడిచేయడం మంచిది; అయితే ఆయిలు నింపిన సిలిండరు దగ్గర మంట వాడరాదు. పాత గాస్కెట్లు, పొగగొట్టం చుట్టలలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. వాటిని పొడిగా గీకరాదు. తడిపి, మాస్కు ధరించి తొలగించాలి. పాత రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి పొడి ఎమరీ కాగితంతో రుద్దడమూ మంచిది కాదు.

తుప్పు తొలగించే పద్ధతులు

గ్రామంలో అందుబాటులో ఉన్న వస్తువులతో సాధ్యమయ్యే పద్ధతులు మూడు.

మొలాసిస్ పద్ధతి: ఒక వంతు మొలాసిస్‌ను తొమ్మిది వంతుల నీటిలో కలిపి భాగాలను ఒకటి నుంచి మూడు వారాలు ముంచి ఉంచాలి. ద్రావణం తుప్పులోని ఇనుమును బంధించి కరిగిస్తుంది. ఖర్చు తక్కువ, పర్యవేక్షణ తక్కువ, దుర్వాసన ఎక్కువ. తీసిన భాగాన్ని కడిగి వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి.

విద్యుద్విశ్లేషణ పద్ధతి: ప్లాస్టిక్ తొట్టెలో నీటికి బట్టల సోడా కలిపి, 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు ఋణధ్రువాన్ని తుప్పు పట్టిన భాగానికి, ధనధ్రువాన్ని మామూలు ఇనుప రేకుకు కలపాలి. రెండూ తాకరాదు. ధనధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు వాడరాదు. దాని నుంచి విషపూరితమైన క్రోమియం సమ్మేళనాలు ఏర్పడవచ్చు. హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి ఆరుబయట మాత్రమే చేయాలి, నిప్పును దరిచేరనీయరాదు, ఛార్జరు ఆపిన తరువాతే తీగలు విప్పాలి. స్ప్రింగుల వంటి గట్టిపరచిన ఉక్కు భాగాలను హైడ్రోజన్ పెళుసుబారుస్తుంది. వాటిని ఇందులో వేయరాదు. అల్యూమినియం భాగాలను మొలాసిస్‌లోను, సోడాలోను కూడా వేయరాదు.

టానిన్ పద్ధతి: టానిన్ తుప్పుతో కలిసి నల్లని, స్థిరమైన పొరను ఏర్పరుస్తుంది. కరక్కాయ పట్టించిన బట్టపై ఇనుప కషాయం తగలగానే నలుపు తేలడం కలంకారీ పనివారికి తెలిసిన విషయమే. ఇక్కడ జరిగేదీ అదే రసాయనిక చర్య. తుప్పును పూర్తిగా తీయకుండా నిలపాలనుకునే ప్రదర్శన ఇంజన్లకు ఇది తగినది. పైన మైనం పూత వేస్తే రక్షణ పెరుగుతుంది.

నీటి జాకెట్టులోని పాచును నిమ్మ ఉప్పు ద్రావణంతో కరిగించి, మంచినీటితో పలుమార్లు కడగాలి. బేరింగు ఉపరితలాలు, క్రాంకు పిన్ను, ఇంధన పంపు ప్లంజరు వంటి కచ్చితమైన భాగాలను ఏ ద్రావణంలోను ముంచక, నూనెతో, మెత్తని గుడ్డతో మాత్రమే శుభ్రపరచాలి.

కొలతలు, పరీక్షలు, అమరిక

లైనరు అరుగుదలను పైన, మధ్యన, కింద, ఒక్కొక్క చోట రెండు లంబ దిశలలో, మొత్తం ఆరు కొలతలుగా తీసుకోవాలి. అరుగుదల సాధారణంగా పై రింగు తిరిగే చోట అధికం. రింగు కొనల మధ్య ఖాళీ బోరులో ప్రతి 25 మి.మీ.కు సుమారు 0.1 మి.మీ. ఉండాలన్న సాధారణ సూత్రం ప్రకారం, 114.3 మి.మీ. బోరుకు దాదాపు 0.45 మి.మీ. వస్తుంది.

పగుళ్లను గుర్తించడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. శుభ్రపరచిన పోతపై కిరసనాయిలు రాసి కొంతసేపు ఉంచి, పూర్తిగా తుడిచి, సుద్దపొడి చల్లాలి. పగులులో నిలిచిన కిరసనాయిలు సుద్దను తడిపి గీత రూపంలో బయటపడుతుంది. ఫ్లైవీలు ఆకులు, బొడ్డు, కీగాడి ఈ పరీక్షకు తప్పక గురికావాలి. 600 మి.మీ. వ్యాసం గల ఫ్లైవీలు 650 చుట్ల వద్ద తిరిగితే దాని అంచు వేగం గంటకు 73 కి.మీ. దాటుతుంది. వేగం రెట్టింపైతే అంచుపై పడే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. కీ వదులైనా, బొడ్డు చీలినా జరిగేది మరమ్మతుకు అందని ప్రమాదం.

హెడ్ బిగించిన తరువాత పిస్టనుకు, హెడ్‌కు మధ్య ఖాళీని సీసపు తీగతో కొలవాలి. కొత్త గాస్కెట్టు మందం మారితే ఈ ఖాళీ, దానితో సంపీడన నిష్పత్తి మారుతాయి. మార్చిన ప్రతి భాగాన్ని రికార్డులో పేర్కొనాలి. తీసిన పాత భాగాన్ని పారవేయక ఇంజనుతోపాటు భద్రపరచాలి.

మొదటిసారి నడిపేటప్పుడు

ఇంధన పంపు ర్యాకు, గవర్నరు లింకులు చేతితో తేలికగా కదులుతున్నాయని నిర్ధారించుకోకుండా ఇంజనును ప్రారంభించరాదు. ర్యాకు తెరిచిన స్థితిలో బిగుసుకుంటే వేగం అదుపు తప్పుతుంది. అట్టి సందర్భంలో గాలి ద్వారాన్ని మూయడానికి వెడల్పైన చెక్కపలకను సిద్ధంగా ఉంచాలి, చేతితో మూయరాదు. ఇంజెక్టరును పరీక్షించేటప్పుడు దాని ముందు చేయి ఉంచరాదు. ఆ పీడనం వద్ద డీజిలు చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది; అది చిన్న గాయంలా కనబడినా వెంటనే వైద్యం అవసరం.

ఇంజను దిమ్మెకు బిగించి ఉండాలి. హ్యాండిలు పట్టేటప్పుడు బొటనవేలిని మిగతా వేళ్ల వైపే ఉంచాలి. ఎదురు తన్నినప్పుడు చేయి విడిపోవడానికి అదే మార్గం. వదులు పంచెకొంగు, చున్నీ, కండువాలతో ఎవరూ దగ్గరకు రాకూడదు. ఫ్లైవీలు తిరిగే తలానికి ఎదురుగా నిలవరాదు. మొదట పది నిమిషాలు భారం లేకుండా నడిపి, ఆపి, బేరింగుల వేడిని పరిశీలించి, తరువాతే భారాన్ని క్రమంగా పెంచాలి.

బావి లోపలి దిమ్మెపై ఇంజను నడపడం గతంలో ఉన్నా, నేడు దానిని అనుకరించరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. దీపం దించి చూసే పాత పరీక్ష ప్రాణవాయువు కొరతను మాత్రమే సూచిస్తుంది. దీపం వెలుగుతున్నంత మాత్రాన బావిలో విషవాయువు లేదని కాదు. పాత ఇంజనును అత్యవసర నీటికోసం బాగుచేయించుకునే రైతులకు విస్తరణ సిబ్బంది చెప్పవలసిన మొదటి హెచ్చరిక ఇదే.

సంస్థల పాత్ర

ఎమ్మిగనూరు సమీపంలోని బనవాసి కృషి విజ్ఞాన కేంద్రానికి ఈ మండలాల రైతులతో నిత్య సంబంధం ఉంది. బాపట్ల, మడకశిర వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులకు కొలతలు, పరీక్షలు చేయగల శిక్షణ ఉంది. గ్రామాల్లో ఇంజన్లను గుర్తించి నమోదు పత్రాలు నింపడం ఒకరు, యంత్ర పరిశీలన మరొకరు చేపడితే, ఒక విద్యా సంవత్సరంలోనే ఈ ప్రాంతపు ఆయిల్ ఇంజన్ల పట్టికకు పునాది వేయవచ్చు. అన్నింటినీ సేకరించనవసరం లేదు. చాలావాటికి పొలమే సరైన చోటు. పొగగొట్టానికి మూత పెట్టడం, సిలిండరులో నూనె పోయడం, ఇటుకలపైకి ఎత్తి నేల తడి నుంచి తప్పించడం అనే మూడు పనులు దాదాపు ఖర్చు లేకుండా మరిన్ని సంవత్సరాల ఆయుష్షును ఇస్తాయి.

ముగింపు

తుప్పు నెమ్మదిగా పనిచేస్తుంది. పాత ఇనుము బండి ఒక్క పూటలో పని ముగిస్తుంది. కనుక పునరుద్ధరణకు నిధులు, స్థలం, విడిభాగాలు సమకూరే వరకు నమోదును వాయిదా వేయడం సరికాదు. కొలబద్ద, సుద్దముక్క, టార్చి, ఛాయాచిత్రాలు తీయగల ఫోను ఉంటే గుర్తింపు పని ఈ పంటకాలంలోనే ప్రారంభించవచ్చు. ఆ తరువాత ఇంజను నడిచినా, నిలిచినా, చివరికి అమ్ముడైపోయినా, అది ఏ బావిపై ఏ మట్టం నుంచి ఏ పంటకు నీరు పారించిందో తెలిపే పత్రం మిగులుతుంది.